ఇల్లు అమ్మి ఏడాదిపాటు విదేశాలు తిరగాలంటే: ఏ పని ముందు, ఏ పని తర్వాత

2025 నవంబరులో హైదరాబాద్ కొత్తపేటలో ఉన్న మా మూడు బెడ్‌రూముల ఫ్లాట్ అమ్మేశాం. ఇరవయ్యొక్క ఏళ్లు ఉన్న ఇల్లు. జనవరిలో బయలుదేరి మూడు నెలలకు కాస్త తక్కువగా వియత్నాంలో ఉండి, ఏప్రిల్ నుంచి న్యూజెర్సీలో అమ్మాయి దగ్గర ఉంటున్నాం. సెప్టెంబరులో ఇండియా వచ్చి కొన్ని వారాలుండి యూరప్ వెళ్లాలని ప్లాను. మేం వచ్చేసిన దగ్గర్నుంచి చుట్టాలు, పాత కొలీగ్స్ ఫోన్ చేసి "మేమూ అలా చేద్దామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పే బదులు మొత్తం ఇక్కడ రాస్తున్నాను. మావారు ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యారు, నేను స్కూల్ టీచర్‌ని. ఇద్దరికీ అరవై దాటాయి కాబట్టి ఇది మా వయసువాళ్ల కోణంలోనే ఉంటుంది.

అమ్మే ముందు తేల్చుకోవాల్సింది

ఎక్కడికి వెళ్తున్నారన్నది తర్వాత. తిరిగొచ్చాక ఎక్కడ ఉంటారు? దీనికి ఊరు పేరుతో సహా జవాబు దొరికేదాకా ఇల్లు అమ్మకానికి పెట్టొద్దు. మాది రాజమండ్రి. తిరిగొచ్చాక అక్కడే రెండు బెడ్‌రూముల ఫ్లాట్ తీసుకోవాలని ముందే అనుకున్నాం, ఆ డబ్బు విడిగా పెట్టాం, దాని జోలికి వెళ్లం. తిరగడానికి పెన్షన్, మిగిలిన డబ్బు మీద వడ్డీ, కొంత పాత సేవింగ్స్ వాడుతున్నాం. ఇల్లమ్మిన అసలుతోనే టికెట్లు కొంటే తిరిగొచ్చేసరికి ఇళ్ల రేట్లు పెరిగి ఉంటాయి, మన చేతిలో డబ్బు తరిగి ఉంటుంది. ఆ పరిస్థితి ఎవరికీ రాకూడదు.

"అద్దెకిచ్చి వెళ్లొచ్చుగా" అని అందరూ అన్నారు. లెక్క వేశాం. నెలకు 22,000 అద్దె అంటే ఏడాదికి 2 లక్షల 64 వేలు. ఇంటి ధర 82 లక్షలు. అంటే మూడు శాతం పైచిలుకు, అందులోనే మెయింటెనెన్స్, ఆస్తి పన్ను, రంగులు, రిపేర్లు. దానికితోడు బాత్రూం లీకవుతోందని కిందింటివాళ్లు చేసే ఫోను మనకి అక్కడ అర్ధరాత్రి రెండింటికి మోగుతుంది. మీది కొత్త ఇల్లయితే, దగ్గర్లో చూసుకునే తమ్ముడో చెల్లెలో ఉంటే, అద్దెకివ్వడమే మంచిది, మొహమాటం లేకుండా చెప్తున్నా. మాది పాత బిల్డింగు, లిఫ్టు మార్చాలని అసోసియేషన్‌లో చర్చ నడుస్తోంది, మోకాళ్ల నొప్పులతో మేం నాలుగో అంతస్తులో ఎలాగూ ఎక్కువ కాలం ఉండలేం. అందుకే అమ్మాం.

కాగితాలు: ఆరు నెలల ముందే తీయండి

మాకు అన్నిటికన్నా దెబ్బ తగిలింది ఇక్కడే. 2004లో ఇల్లు కొన్నప్పుడు తీసుకున్న లోను 2016లో తీర్చేశాం, ఒరిజినల్స్ తెచ్చుకుని బీరువాలో పెట్టుకున్నాం, పని అయిపోయిందనుకున్నాం. కొనేవాళ్ల బ్యాంకు లాయరు ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తనఖాలు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తే అందులో తనఖా ఇంకా అలాగే కనిపిస్తోంది. లోను తీరాక తనఖా రద్దు దస్తావేజు రిజిస్టర్ చేయించాలి, మా బ్యాంకు చేయలేదు, మేం అడగలేదు. ఆ బ్రాంచి వేరే బ్రాంచిలో కలిసిపోయింది, పాత ఫైలు ఎక్కడుందో ఎవరికీ తెలీదు. మావారు కాళ్లరిగేలా తిరిగితే నలభై రోజులకి పనైంది. ఈలోపు కొనేవాళ్లు వెనక్కి తగ్గుతారేమోనని రోజూ టెన్షనే.

కాబట్టి ముందు మీరే రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఈసీ తీసుకుని ఒక్కో వరుసా చదవండి. లోను ఇప్పుడు నడుస్తుంటే, తీర్చిన 30 రోజుల్లోపు బ్యాంకు మీ ఒరిజినల్స్ వెనక్కివ్వాలి, రిజిస్టరైన తనఖా కూడా తీసేయించాలి, ఆలస్యం వాళ్ల తప్పయితే రోజుకి 5,000 రూపాయల చొప్పున మీకు కట్టాలి. ఇది రిజర్వ్ బ్యాంకు పెట్టిన రూలు, 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. బ్రాంచిలో నీళ్లు నములుతుంటే ఈ సంగతి రాతపూర్వకంగా గుర్తుచేయండి.

ఈసీతోపాటు చూసుకోవాల్సినవి: మీ సేల్ డీడ్, దాని వెనకాల ఉన్న లింకు డాక్యుమెంట్లు (మనకంటే ముందు యజమానుల దస్తావేజులు), బిల్డింగ్ ప్లాన్ అప్రూవల్, ఆస్తి పన్ను రసీదు, కరెంటు, నీటి బిల్లులు, అసోసియేషన్ నుంచి బాకీల్లేవనే లెటరు. ఇక పేర్లు. మన తెలుగువాళ్లకి ఇంటిపేరుతో వచ్చే తిప్పలు ఇన్నీ అన్నీ కావు. నా దస్తావేజులో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది, ఆధార్‌లో పూర్తిగా ఉంది, పాన్‌లో చివర్న ఉంది, పాస్‌పోర్టులో స్పెల్లింగే వేరు. "వీళ్లందరూ ఒక్కరే" అని నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించాను. మీరు ఆధార్, పాన్, పాస్‌పోర్టు మూడూ ఒకేలా ఉండేలా ముందే సరిచేసుకుంటే రిజిస్ట్రేషన్‌కీ వీసాకీ రెండిటికీ పనికొస్తుంది.

వీసాల సంగతి ఇల్లు ఉండగానే ఆలోచించండి

ఇది చాలామందికి తట్టదు. విజిటర్ వీసా ఇచ్చేవాళ్లు మీరు తిరిగి మీ దేశం వెళ్తారా లేదా అని చూస్తారు, సొంత ఇల్లు దానికి ఒక ఆధారం. అమెరికా విజిటర్ వీసా మాకు ఇల్లు అమ్మక ముందే వచ్చింది. అది సాధారణంగా పదేళ్లకు ఇస్తారు కాబట్టి ముందే తీసుకుని పెట్టుకోవచ్చు. అబద్ధం మాత్రం ఎక్కడా చెప్పొద్దు. అమ్మేశాక అప్లై చేస్తుంటే అమ్మేశామనే చెప్పాలి, అప్పుడు పెన్షన్, ఊళ్లో పొలం, డిపాజిట్లు, ఇండియాలో ఉన్న పిల్లలు, ఇలాంటివి చూపించుకోవాలి. మేం యూరప్ వీసాకి అలాగే వెళ్తాం.

ఎక్కడ ఎన్నాళ్లు ఉండొచ్చో కూడా ముందే కాగితం మీద వేసుకోండి. వీసా పదేళ్లున్నా అమెరికాలో ఎన్నాళ్లుండాలో దిగిన చోట అధికారి నిర్ణయిస్తారు, మామూలుగా ఆరు నెలలు. షెంగెన్ దేశాలన్నీ (యూరప్‌లో ఒకే వీసా చెల్లే దేశాలు) కలిపి ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులే. వియత్నాం ఈ-వీసా 90 రోజులకిస్తారు, ఒక్కసారి వెళ్లడానికి 25 డాలర్లు. కెనడాలో పిల్లలుంటే తల్లిదండ్రులకి సూపర్ వీసా ఉంది, దానిమీద ఒకేసారి ఐదేళ్లదాకా ఉండొచ్చు. షెంగెన్ వీసాకి మనం నివాసముండే దేశం నుంచే అప్లై చేయాలి, ప్రయాణానికి ఆరు నెలల కంటే ముందు తీసుకోరు, అందుకే మేం మధ్యలో ఓసారి ఇండియా రావాల్సి వస్తోంది. "ఇల్లు లేదుగా, ఇక వరసపెట్టి తిరగడమే" అనుకుంటే కుదరదు, మధ్యలో వచ్చి నెలరోజులు ఉండటానికి ఒక చోటు కావాలి. మాకు చెల్లెలి ఇల్లు ఉంది.

ధర, వైట్, బ్లాక్

బేరానికొచ్చిన మొదటి ఇద్దరూ "ముప్పై లక్షలు క్యాష్ ఇస్తాం, మిగతాది రిజిస్ట్రేషన్‌లో చూపిద్దాం" అన్నారు. వద్దన్నాం. ఇల్లమ్మినప్పుడు 20,000 గాని అంతకు మించి గాని క్యాష్ తీసుకుంటే తీసుకున్నంతా పెనాల్టీ పడే రూలుంది, అది ఒకటి. రెండోది, విదేశాలకి వెళ్లేవాళ్లకి నల్లడబ్బు దేనికీ పనికిరాదు. వీసాకి చూపించలేరు, బ్యాంకు ద్వారా బయటికి పంపలేరు, ఏడాదిపాటు ఎవరింట్లో దాస్తారు? మూడో కుటుంబం మొత్తం వైట్‌లోనే కొంది, మేం రెండు లక్షలు తగ్గించాం. ఆ రెండు లక్షలకి ఈ రోజుకీ బాధపడటం లేదు.

అడ్వాన్సు తీసుకునే రోజే అగ్రిమెంటు రాసుకోండి. అందులో రిజిస్ట్రేషన్ గడువు, వెనక్కి తగ్గితే ఏమవుతుంది, ఇల్లు ఏ రోజు ఖాళీ చేస్తారు, ఏ వస్తువులు వదిలేస్తారు (ఏసీలు, గీజర్లు, మాడ్యులర్ కిచెన్) అన్నీ ఉండాలి. రిజిస్ట్రేషన్ అయ్యాక ఖాళీ చేయడానికి 20 రోజులు అడిగి రాయించుకున్నాం, అది చాలా ఊరటనిచ్చింది.

పన్ను, ఇంకా "రెసిడెంట్" అనే మాట

ఇది కాస్త ఓపిగ్గా చదవండి. అమ్మే ఆర్థిక సంవత్సరంలో మీరు పన్ను లెక్కలో ఇండియా రెసిడెంట్ అయి ఉండటం చాలా ముఖ్యం. రెసిడెంట్ అమ్మితే, ధర 50 లక్షలు, అంతకు మించి ఉంటే, కొనేవాళ్లు 1 శాతం టీడీఎస్ (ఇచ్చే డబ్బులోంచి ముందే పట్టుకునే పన్ను) మినహాయించి మీ పాన్ మీద కడతారు. మాకు 82,000 అలా కట్ అయింది, రిటర్నులో సర్దుకుంటుంది. అదే నాన్ రెసిడెంట్ అమ్మితే ఆ 1 శాతం వర్తించదు, 12.5 శాతం ఆపైన సర్‌చార్జి, సెస్సు లెక్కలోకొస్తాయి, తక్కువ మినహాయించమని పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే మొత్తం ధర మీదే కోసేస్తారు. చాలామంది కొనేవాళ్లు ఆ మాట వినగానే వేరే ఫ్లాట్ చూసుకుంటారు. ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఉండే ఆ సంవత్సరంలో మీరు 182 రోజులు ఇండియాలో ఉంటే ఇక ఏ సందేహమూ ఉండదు. మేం నవంబరులో అమ్మి జనవరిలో బయలుదేరాం కాబట్టి ఇబ్బంది లేదు. "ముందు వెళ్లిపోదాం, అమ్మకం సంగతి తమ్ముడు చూసుకుంటాడు" అనుకునేవాళ్లు ఈ ఒక్క కారణానికే ఆగాలి.

ఇప్పుడు లాభం లెక్క. రెండేళ్లకు మించి ఉంచుకున్న ఇల్లు కాబట్టి దీర్ఘకాలిక లాభం. 2024 జులై 23కు ముందు కొన్న ఇంటికి రెసిడెంట్లు రెండు రకాలుగా లెక్క వేసుకుని తక్కువ పన్ను కట్టొచ్చు. మాది 2004లో 14 లక్షలకి కొన్నది. ద్రవ్యోల్బణం కలపకుండా అయితే లాభం 68 లక్షలు, దానిమీద 12.5 శాతం అంటే 8 లక్షల 50 వేలు. కలిపితే, ప్రభుత్వం ప్రకటించే ద్రవ్యోల్బణ సూచికలు చూడాలి, 2004-05 సూచిక 113, 2025-26 సూచిక 376, కాబట్టి కొన్న ధర 46 లక్షల 58 వేలుగా మారుతుంది, లాభం 35 లక్షల 42 వేలు, 20 శాతం అంటే 7 లక్షల 8 వేలు (సెస్సు వేరే). మాకు రెండోదే మేలు. మీరెప్పుడు కొన్నారో, ఎంతకి కొన్నారో బట్టి మీకు మొదటిదే మేలు కావచ్చు.

అమ్మిన రెండేళ్లలోపు మళ్లీ ఇల్లు కొంటే, లేదా మూడేళ్లలోపు కట్టుకుంటే మినహాయింపు ఉంది. మీరు ఏ బీచ్‌లో కూర్చున్నా ఆ గడియారం నడుస్తూనే ఉంటుంది, మా గడువు 2027 నవంబరు. అందాకా ఆ డబ్బుని మామూలు ఎఫ్‌డీలో ఉంచితే సరిపోదు, రిటర్ను గడువులోపు బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతా తెరిచి అందులో వేయాలి. ఈ ఖాతా మీరు ఇండియాలో ఉండగానే తెరవండి, అక్కడి నుంచి తెరవడం తలనొప్పి. ఇల్లు కొనే ఉద్దేశం లేనివాళ్లు ఆరు నెలల్లోపు 50 లక్షల దాకా ప్రత్యేక బాండ్లలో (ఆర్‌ఈసీ, పీఎఫ్‌సీ లాంటి ప్రభుత్వ సంస్థలవి) పెట్టొచ్చు, ఐదేళ్లు కదపడానికి లేదు. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి, పాత నంబర్లు పట్టుకుని తికమకపడొద్దు. ఒక మంచి ఆడిటర్‌కి ఐదారు వేలిచ్చి లెక్క వేయించుకోండి, అదీ అడ్వాన్సు తీసుకునే ముందు.

టికెట్లు

డబ్బు మీ ఖాతాలో పడ్డాకే కొనండి. మేం అక్టోబరు నెలాఖరుకి అయిపోతుందన్న ధీమాతో నవంబరు పదికి టికెట్లు కొన్నాం, తనఖా గొడవ వచ్చింది, తేదీ మార్చుకోవడానికి 38,000 పోయాయి. డబ్బు సంగతి అలా ఉంచి, చేతిలో టికెట్ ఉన్నట్టు కొనేవాళ్లకి తెలిస్తే బేరంలో మన పట్టు పోతుంది.

జీపీఏ (మన తరఫున సంతకాలు పెట్టే అధికారం ఇంకొకరికిచ్చే పత్రం) ఇచ్చి వెళ్లిపోవడం గురించి అడుగుతున్నారు. తప్పని పరిస్థితైతే మీ రక్త సంబంధీకులకి, ఆ ఒక్క ఇంటికి, ఆ ఒక్క పనికి మాత్రమే రాయండి. కొనేవాళ్లకే జీపీఏ రాసిచ్చి "అమ్మేశాం" అనుకోవద్దు, అలా హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది.

రిజిస్ట్రేషన్ రోజు

స్లాట్ బుక్ చేసుకుని వెళ్లాం. ఫొటో తీస్తారు, వేలిముద్రలు తీసుకుంటారు. నా బొటనవేలు మిషన్ మీద పడనే లేదు. ముప్పై ఏళ్లు చాక్‌పీసు పట్టుకున్న వేళ్లు, అంట్లు తోమిన వేళ్లు, గీతలన్నీ అరిగిపోయాయి. నాలుగుసార్లు పెట్టాను, ఎర్రలైటే. అక్కడి అమ్మాయి తడిగుడ్డ ఇచ్చి "అమ్మా, వేలు తుడిచి గట్టిగా అయిదు సెకన్లు నొక్కి ఉంచండి" అంది, అయిదోసారికి పడింది. మీకూ నా వయసుంటే ఆధార్ సెంటర్‌లో వేలిముద్రలు ముందే అప్‌డేట్ చేయించుకోండి. డీడీ ఫొటోకాపీ, దస్తావేజు నకలు తీసుకుని గాని బయటికి రాకండి.

డబ్బు అక్కడికి ఎలా వెళ్తుంది

మన దగ్గర ఎల్‌ఆర్‌ఎస్ అంటే లేఅవుట్ల క్రమబద్ధీకరణే గుర్తొస్తుంది, ఇది వేరు, విదేశాలకి డబ్బు పంపుకోవడానికి రిజర్వ్ బ్యాంకు పెట్టిన స్కీము. దీని కింద ఒక్కొక్కరు ఒక ఆర్థిక సంవత్సరంలో రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చు. మామూలు ఖర్చులకైతే ఏడాదికి 10 లక్షలు దాటాక 20 శాతం టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు, రిటర్నులో వెనక్కొస్తుంది గానీ అందాకా చేతిలో ఉండదు. భార్యాభర్తలిద్దరి ఖాతాల నుంచి విడివిడిగా వాడితే 10 లక్షలు దాటకుండానే చాలామందికి సరిపోతుంది. మిగిలిన డబ్బంతా ఒకే బ్యాంకులో పెట్టొద్దు, డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షలే. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో ఒక్కొక్కరికి 30 లక్షల దాకా పెట్టొచ్చు.

ఇల్లు పోతే అడ్రసూ పోతుంది

దీనికి మేం సిద్ధంగా లేం, నిజంగా. ఆధార్, బ్యాంకు, పెన్షన్, ఓటరు కార్డు, ఇన్సూరెన్సు, గ్యాసు, అన్నిటికీ ఆ కొత్తపేట అడ్రసే. కొత్త చెక్ బుక్కులు, డెబిట్ కార్డులు ఇప్పుడు అక్కడ ఉంటున్న వేరేవాళ్లకి వెళ్తాయి. ఖాళీ చేసే ముందే చెల్లెలి అడ్రసు అన్నిట్లో మార్చుకున్నాం. ఆధార్‌లో కుటుంబ పెద్ద సమ్మతితో అడ్రసు మార్చుకునే వీలుంది, ఆన్‌లైన్లోనే అవుతుంది. గ్యాస్ కనెక్షన్ సరెండర్ చేసి డిపాజిట్ వెనక్కి తీసుకోండి.

ఫోన్ నంబరు ఇంకా ముఖ్యం. ఓటీపీ రాకపోతే మీ డబ్బు మీది కాదు. అంతర్జాతీయ రోమింగ్ ఇండియాలో ఉండగానే ఆన్ చేయించండి, సిమ్ 90 రోజులు వాడకపోతే నంబరు పోయే ప్రమాదం ఉంది కాబట్టి రీఛార్జ్ తేదీలు క్యాలెండర్లో రాసుకోండి. పెన్షనర్లకి నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఉంటుంది, ఆ సమయానికి ఏ దేశంలో ఉంటారో చూసుకుని, అక్కడి మన రాయబార కార్యాలయంలో చేయించుకునే వీలుంటే ముందే మెయిల్ పెట్టి కనుక్కోండి. మందులు మూడు నెలలకి సరిపడా, డాక్టరు చీటీలో మందు అసలు పేరు రాయించుకుని. ఇన్సూరెన్సు లేకుండా అమెరికా విమానం ఎక్కొద్దు.

సామాన్లు, తాళాలు

సామాను గోడౌనులో పెట్టి నెల నెలా అద్దె కట్టడం దండగ. పెద్దవన్నీ అమ్మేశాం, సోఫా వాచ్‌మన్ కూతురికిచ్చాం. మా అమ్మ ఇచ్చిన ఆవకాయ జాడీలు మూడు, ఇత్తడి బిందె, దేవుడి పటాలు, ఫొటో ఆల్బములు, ఇవి మాత్రం పాత చీరల్లో చుట్టి రెండు ట్రంకు పెట్టెల్లో చెల్లెలింటికి పంపాం. మీరేం దాచుకోవాలో ముందే చిట్టా రాసుకోండి, ఆఖరి వారంలో ప్రతి గరిటె మీదా ప్రేమ పుట్టుకొస్తుంది, నాకు పోపుడబ్బా దగ్గర కన్నీళ్లాగలేదు.

తాళాలిచ్చే రోజు కరెంటు మీటరు రీడింగు, నీటి బాకీ, ఇచ్చిన తాళాల సంఖ్య ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి, మీటరు ఫొటో తీసుకోండి. ఆస్తి పన్ను, కరెంటు కనెక్షన్ వాళ్ల పేరు మీదకి మారాయో లేదో నెల తర్వాత ఓసారి ఆన్‌లైన్లో చూసుకోండి. మా తులసికోట మాత్రం కొన్నవాళ్లే ఉంచమన్నారు. ఆవిడ రోజూ నీళ్లు పోస్తున్నారట, మొన్న వాట్సాప్‌లో ఫొటో పంపారు.